అల్లం వేరు, ఎల్లిగడ్డ వేరు



పాలమూరు వంటింట్లో అల్లానికి సొంత బతుకు లేదు. ఎల్లిగడ్డతో కలిపే కొంటాం, కలిపే నూరుతాం, పిలిచేది కూడా కలిపే. "అల్లమెల్లిగడ్డ ఉంటే ఇంత ఇయ్యమన్నది మా అమ్మ" అని పిల్లగాడు పక్కింటికి పోతాడు. ఉత్త అల్లం కావాలని అడిగేది చాయ్ పెట్టేటప్పుడు, లేదంటే ఇంట్లో ఎవరికైనా గొంతు పట్టుకున్నప్పుడు. మిగతా రోజులన్నీ ఎల్లిగడ్డ చాటునే గడిచిపోతాయి. ఈ పూట ఈ ఇద్దరినీ కాసేపు విడదీసి, అల్లం గురించి మాత్రమే మాట్లాడతాను. కారం వంటలోనూ తీపి వంటలోనూ ఒకే దినుసు ఇంత మర్యాదగా ఒదిగిపోవడం అరుదు. ఉప్పును పక్కన పెడితే అలాంటివి నాకు మరో రెండు మూడు కూడా తోచవు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ పొయ్యి మీద మాత్రం ఇంకా ఉమ్మడి పాలమూరే. గద్వాల నడిగడ్డలో విత్తనపత్తి, వనపర్తి, అచ్చంపేట దిక్కు పల్లి, కొల్లాపూర్‌లో మామిడి, అన్నిచోట్లా ఎంతో కొంత జొన్న. అల్లం మాత్రం మన చేలల్లో పెద్దగా కనపడదు. ఎండాకాలం చివర్లో నాటితే ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండాలి. అన్నాళ్లూ తడి ఆరకూడదు, అట్లని నీళ్లు నిలవనూ కూడదు. నిలిస్తే దుంపకుళ్లు పట్టుకుని చేను చేనంతా పోతుంది. మొగులు దిక్కు చూస్తూ ఎవుసం చేసిన నేలకు అది కుదిరే పంట కాదు. తెలంగాణలో అల్లానికి పేరున్నది జహీరాబాద్ ప్రాంతం. మన సంతలకు అక్కడి నుంచి గానీ, కర్ణాటక నుంచి గానీ రావాల్సిందే. కొనుక్కునే దినుసు కాబట్టి పొదుపుగా వాడడం అలవాటైంది. ధర పెరిగినప్పుడల్లా ముద్దలో ఎల్లిగడ్డ ఎక్కువ, అల్లం తక్కువ అయింది. 2023 ఎండాకాలం, వానాకాలంలో టమాటతో పాటు అల్లం ధర కూడా ఎక్కి కూర్చున్నప్పుడు ఎన్ని ఇళ్లల్లో అల్లం పేరుకు మాత్రమే మిగిలిందో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంతకీ ఈ నేలకు అల్లం కొత్తదేం కాదు. మిరపకాయ కంటే చాలా పాతది. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు కట్టింది 7, 8 శతాబ్దాల్లో, బాదామి చాళుక్యుల కాలంలో. ఆ రాళ్లు మలిచిన శిల్పులు తిన్న కూరలో మిరపకాయ లేదు. అది పోర్చుగీసు వాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకుముందు నాలుకకు మంట కావాలంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో భోజనం గురించి ఒక ప్రకరణమే ఉంది. అందులో అల్లం కనపడుతుంది, మిరప కనపడదు. తిండిని కూడా చరిత్ర కింద లెక్కగట్టాలని మనకు నేర్పినవాడు మన అలంపురం దిక్కు మనిషే, సురవరం ప్రతాపరెడ్డి గారు. 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాల కంటే జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అన్నదే ఎక్కువ. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే, అల్లం గురించి రేడియోలో ఇంతసేపు మాట్లాడడం మరీ చిన్న పనేమీ కాదని నాకు ధైర్యం కలుగుతుంది.

ఇక అసలు సంగతి. అల్లం ఒక్కటే అనుకుంటాం గానీ, వంటలో అది మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఒక రుచి, వేడి తగిలాక ఒక రుచి, ఎండాక ఇంకో రుచి. పచ్చి అల్లంలో ఘాటు ఇచ్చే పదార్థం పేరు జింజరాల్. ఉడికినకొద్దీ అది జింజిరోన్‌గా మారుతుంది. అప్పుడు ఘాటు తగ్గి, కొంచెం తియ్యటి వాసన వస్తుంది. ఎండబెడితే నీరంతా పోయి, జింజరాల్ కాస్తా షోగాల్ అవుతుంది. ఇది పచ్చి అల్లం కంటే మంట. శొంఠి గొంతులో అంతసేపు నిలవడానికి కారణం ఇదే. పచ్చి అల్లంలో ఎనభై పాళ్లు నీరే కాబట్టి కిలో అల్లం ఎండితే పావు కిలో శొంఠి కూడా చేతికి రాదు. ఇవన్నీ పరీక్షకు చదవాల్సిన పేర్లు కావు, మరిచిపోయినా ఫర్వాలేదు. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. అల్లం ఎంత వేశామన్న దానికంటే ఎప్పుడు వేశామన్నది ముఖ్యం. ఎల్లిగడ్డతో కలిపి నూరేసి, ఒకే గరిటెతో ఒకేసారి నూనెలో వేస్తే ఆ మూడు రుచుల్లో రెండు మనకు దక్కకుండానే పోతాయి.

యాటకూర తీసుకోండి. పచ్చి అల్లంలో మాంసపు పీచును మెత్తబరిచే ఒక ఎంజైమ్ ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి రాసింది 1973లో. మన పెద్దవాళ్లు మాత్రం అల్లం పూసి పక్కన పెట్టడం అంతకు ముందు నుంచే చేస్తున్నారు. అయితే వేడి నూనెలో వేగితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ముద్దనంతా తాలింపులోనే వేసేస్తే వాసన వస్తుంది గానీ ముక్క మెత్తబడదు. అందుకని కిలో మాంసానికి తీసుకున్న అల్లాన్ని మూడు భాగాలు చేసుకోండి. ఒక భాగం దంచి, రసంతో సహా, ఉప్పు పసుపు కలిపి పచ్చి మాంసానికి పట్టించి అరగంట ఉంచండి. ముదురు యాటైతే గంట. రాత్రంతా మాత్రం వద్దు, పైపైన పిండిలా అయిపోతుంది. రెండో భాగం ఎల్లిగడ్డతో కలిపి నూనెలో వేయించండి. ఉల్లిగడ్డ ఎర్రబడ్డాకే వేయాలి, ముందే వేస్తే గిన్నెకు అంటి మాడి చేదెక్కుతుంది. మూడో భాగం సన్నగా చీల్చి, దించే ముందు కొత్తిమీరతో పాటు వేసి మూత పెట్టండి. నాటుకోడికీ ఇదే పద్ధతి. బగారన్నంలో కలుపుకున్నప్పుడు ఆఖర్న వేసిన ఆ నాలుగు పోగులు ఏం చేస్తున్నాయో మీకే తెలుస్తుంది.

చేపల దగ్గర మాత్రం నా మాట వేరు. జూరాల కట్ట కింద వేడివేడిగా వేయించిన చేప తినని వాళ్లు మన దిక్కు తక్కువ. సోమశిల వెనుక నీళ్ల చేప సంగతి కొల్లాపూర్ వాళ్లను అడగాలి. వేపుడుకు పట్టించే మసాలాలో అల్లం ఉండాలి, నీచు వాసన తగ్గుతుంది. పులుసులో మాత్రం వద్దంటాను. చింతపండు, మెంతులు, ఎల్లిగడ్డ కలిసి చేసుకున్న ఒప్పందంలో అల్లం దూరితే పులుసుకు మాంసం కూర వాసన వస్తుంది. మా ఇంట్లోనే దీనికి ఒప్పుకోని వాళ్లున్నారు. వాళ్ల పులుసు వాళ్లది.

అలసంద గారెలకు వద్దాం. కొన్ని ఊళ్లల్లో బొబ్బర్లంటారు, గింజ ఒక్కటే. నాలుగైదు గంటలు నానబెట్టి, నీళ్లు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బాలి. ఇందులో అల్లాన్ని మెత్తటి ముద్ద చేయకూడదు. పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పుతో కలిపి రోట్లో దంచితే చిన్న చిన్న పలుకులు మిగులుతాయి. గారె నూనెలో ఉన్న కాసేపట్లో ఆ పలుకులు పైన ఉడికి, లోపల పచ్చిగానే ఉంటాయి. కొరికినప్పుడు ఒక్కో చోట ఒక్కో మెరుపు. మిక్సీలో మెత్తగా తిప్పితే గారె అంతా ఒకటే రుచి అవుతుంది, తినడానికి బాగానే ఉంటుంది, ఆ మెరుపు మాత్రం ఉండదు. పైగా అలసందలు కడుపులో కొంచెం బరువు చేస్తాయి, అల్లం ఆ బరువును తేలిక చేస్తుందని మన ఇళ్లల్లో నమ్మకం. పండుగనాడు నాటుకోడి కూరతో ఎన్ని గారెలు దిగిపోతాయో చూస్తే ఆ నమ్మకం మనకు చాలా అవసరమని కూడా తెలుస్తుంది.

ఎండాకాలం సల్లలో దంచిన అల్లం, కరివేపాకు, ఉప్పు. దీని గురించి చెప్పడానికి ఏం లేదు, చేసుకుని తాగడమే.

మామిడికాయ తొక్కు దగ్గర కాస్త ఆగాలి. కోస్తా ఆవకాయకు ప్రాణం ఆవపిండి. తెలంగాణ తొక్కుకు ప్రాణం అల్లమెల్లిగడ్డ. ఇక్కడ మాత్రం ఆ జంటను విడదీయమని నేను చెప్పను. కొల్లాపూర్ తోటల్లో కాయ ముదిరి, టెంక గట్టిపడ్డాక కోసిన ముక్కలు కిలో తీసుకుంటే, అల్లం 100 గ్రాములు, ఎల్లిగడ్డ 100 గ్రాములు సరిపోతాయి. అల్లాన్ని కడిగి, చెక్కు తీసి, తడి పూర్తిగా ఆరేదాకా బట్ట మీద ఆరబెట్టాలి. తొక్కు బూజు పట్టిందంటే చాలాసార్లు తప్పు కాయది కాదు, ఆరని అల్లానిది. నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టి దించాలి. నూనె గోరువెచ్చగా అయ్యాక ముద్ద వేయాలి. వేడి మీద వేస్తే ముద్ద వేగిపోయి తొక్కుకు కూర వాసన వస్తుంది. పూర్తిగా చల్లారాక వేస్తే పచ్చి వాసన వారం దాకా పోదు. ఆ గోరువెచ్చని ఘడియను పట్టుకోవడమే పనితనం. తర్వాత ఉప్పు, కారం, మెంతిపొడి కలిపి ముక్కలు వేయడం మీకు నేను చెప్పనక్కర్లేదు. నువ్వుల నూనె మంచిదని కొందరంటారు. పల్లి పండే నేల మీద ఉండి పల్లినూనెతో పెట్టకపోతే ఎట్లా అని నాకుంటుంది.

ఇప్పుడు తీపి. అల్లమంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుందన్నాడట వెనకటికొకడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాం గానీ, అల్లాన్నీ బెల్లాన్నీ ఒక్క చోటికి తెచ్చాడంటే వాడికి వంట కొంత తెలిసే ఉండాలి. అల్లానికి చక్కగా కుదిరేది పంచదార కంటే బెల్లమే. పంచదార ఉత్త తీపినే ఇస్తుంది. బెల్లంలో కొంచెం ఉప్పదనం, కొంచెం మట్టి వాసన ఉంటాయి, ఘాటును పట్టి నిలుపుతాయి.

శ్రీరామనవమికి పానకం చేస్తాం. నాగర్‌కర్నూలు జిల్లా సిర్సనగండ్లలో రాముడి కల్యాణం చూడబోయిన వాళ్లకు ఆ ఎండ గుర్తుంటుంది. లీటరు నీళ్లకు పావు కిలో బెల్లం, అర చెంచా శొంఠిపొడి, పావు చెంచా మిరియాలపొడి, రెండు యాలకులు. పొయ్యి అక్కర్లేదు. ఇందులో పచ్చి అల్లం రసం పిండేవాళ్లను చూశాను, అది వేరే రుచి, బాగుంటుంది గానీ పానకం కాదు. తొలి ఏకాదశికి జొన్నలు పేలాలు చేసి విసిరిన పేలపిండిలో బెల్లం, యాలకులు ఎట్లాగూ పడతాయి. రెండు గ్లాసుల పిండికి అర చెంచా శొంఠి కూడా కలిపి చూడండి. వానాకాలం మొదలయ్యే రోజులవి. పిండి పొడిగా గొంతుకు అడ్డం పడినప్పుడు శొంఠి నోట్లో నీరూరించి దాన్ని దించుతుంది.

బస్టాండ్లల్లో అమ్మే అల్లం మురబ్బా ఇంట్లో చేసుకోవడం కష్టమేం కాదు. పావు కిలో లేత అల్లం తీసుకోండి. గోటితో గీరితే తోలు వచ్చేదే లేతది, విరిస్తే పీచు సాగకూడదు. మెత్తగా రుబ్బి, రెండు చెంచాల నెయ్యిలో పచ్చి వాసన పోయేదాకా వేయించండి. ఘాటు ఇక్కడే సగం తగ్గుతుంది. అర కిలో బెల్లం కొద్దిగా నీళ్లతో కరిగించి, వడగట్టి, ముదురు ఉండపాకం పట్టి, అల్లం అందులో వేసి, అంచులు వదిలేదాకా తిప్పాలి. నెయ్యి రాసిన తాంబాళంలో పోసి, వేడి మీదే గాట్లు పెట్టుకోండి. అల్లానికి రెట్టింపు బెల్లం అన్న లెక్క తగ్గించొద్దు. తగ్గిస్తే ముక్క గట్టిపడదు, నిలవ కూడా ఉండదు.

బాలింతకు పెట్టే కాయంలోనూ శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం, నెయ్యే. దాన్ని ఇంట్లో పెద్దవాళ్ల చేతికి వదిలేద్దాం, డాక్టరమ్మను కూడా ఒక మాట అడిగి.

ఇంక ఒక తీపి మిగిలింది, మన దగ్గర లేనిది. పచ్చి అల్లంలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ ఉందన్నాను కదా, అది పాలను కూడా విరుస్తుంది. చైనాలో గ్వాంగ్‌డాంగ్ అనే దక్షిణాది రాష్ట్రం వాళ్లు దీన్నే తీపి చేసుకున్నారు. వాళ్లూ పాత పద్ధతిలో బర్రెపాలే వాడతారు, కాబట్టి మనకు సులువు. ముదురు అల్లం తురిమి, పిండి, ఒక పెద్ద చెంచా రసం గిన్నెలో పోసుకోండి. రసం అప్పటికప్పుడు తీసిందే ఉండాలి, అడుగున పేరుకున్న తెల్లటి గంజితో సహా కలిపి పోయాలి. ఒక కప్పు చిక్కటి పాలలో రెండు చెంచాల పంచదార వేసి కాచి, దించి, కాసేపు చల్లారనివ్వండి. సుమారు 70 డిగ్రీలు. థర్మామీటరు లేకపోతే, పొంగి దించిన పాలను రెండు గిన్నెల మధ్య నాలుగైదు సార్లు తిరగపోస్తే దరిదాపుకు వస్తుంది. అప్పుడు ఆ పాలను కొంచెం ఎత్తు నుంచి రసం మీద ఒక్కసారిగా పోసి, గిన్నెను ముట్టుకోకండి. కలపకండి. పది నిమిషాల్లో జున్నులా గట్టిపడుతుంది. పాలు మరీ వేడిగా ఉంటే ఎంజైమ్ చచ్చిపోతుంది, చల్లగా ఉంటే పని చేయదు. రెండిట్లోనూ మీకు మిగిలేది అల్లం పాలే, వాటినీ పారబోయనక్కర్లేదు. బర్రె ఈనినప్పుడు తప్ప జున్ను దొరకని ఇళ్లకు ఇది ఏడాది పొడుగునా దొరికే తీపి. ఇందులో బెల్లం మాత్రం వద్దు. బెల్లం పులుపు వేడి పాలను తనంతట తానే విరిచేస్తుంది, అప్పుడు గడ్డ కాదు, తునకలు వస్తాయి.

ఇదే తెలిస్తే అల్లం చాయ్ ఎందుకు విరుగుతుందో కూడా తెలిసిపోతుంది. చల్లటి పాలలో పచ్చి అల్లం వేసి, సన్న మంట మీద మెల్లగా కాస్తే ఎంజైమ్‌కు కావలసిన వేడి, కావలసినంత సమయం మనమే చేతికిచ్చినట్లు. అల్లాన్ని నీళ్లల్లో, చాయ్‌పత్తితో పాటు బాగా మరిగించి, తర్వాత పాలు పోయండి. లేదా పాలు మరిగాకే అల్లం వేయండి. బెల్లం చాయ్ తాగేవాళ్లు దించి, ఒక నిమిషం ఆగి బెల్లం కలుపుకోవాలి. హోటల్లో చాయ్ పోసేవాడు ఇవేవీ చదవలేదు, కానీ ఉదయం నుంచి అల్లం దంచి మరుగుతున్న డికాక్షన్‌లోనే వేస్తుంటాడు, చూడండి.

సీసాలో, పొట్లంలో దొరికే ముద్ద గురించి కూడా అడుగుతారు. హైదరాబాద్‌లో కల్తీ అల్లం వెల్లుల్లి ముద్ద తయారుచేసే చోట్ల మీద పోలీసులు ఒకటికి నాలుగుసార్లు దాడులు చేసిన సంగతి పేపర్లలో చూశాం. మంచి కంపెనీది కొన్నా, అందులో నిలవ కోసం ఉప్పు, ఏదో ఒక పులుపు ఉంటాయి, అల్లం వంతు ఎంతో అట్ట మీద చదివితేనే తెలుస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని బడికి పంపే ఇల్లాలికి రోలు ముందు కూర్చోమని నేను చెప్పను. ఆదివారం ఒక అరగంట కూర్చుని అల్లం ఒక డబ్బాలో, ఎల్లిగడ్డ ఒక డబ్బాలో వేర్వేరుగా నూరి, కాస్త ఉప్పు, నూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చాలు. వారానికి సరిపడా మాత్రమే. వేర్వేరుగా ఎందుకో ఇంతసేపూ చెప్పింది అదే కదా. కూరకు రెండూ తీయొచ్చు, గారెలకు ఒక్కటే తీయొచ్చు.

దగ్గుకు అల్లం రసంలో నల్లమల తేనె కలిపి నాకించడం మన దగ్గర మామూలే. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె మాత్రం పెట్టకూడదు, డాక్టర్లు గట్టిగా చెప్పే మాట ఇది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూరలో వేసుకున్న అల్లానికి భయపడనక్కర్లేదు, రోజూ రసం తాగుదామనుకుంటే ముందు అడగాలి.

ఇంట్లో నిలవ పెట్టాలంటే కడగకుండా, మట్టితోనే, కొంచెం పొడి ఇసుకలో పూడ్చి పెట్టండి. అప్పుడప్పుడు దానికి మొలక వస్తుంది, చెడిపోయిందని పారేయకండి. మే నెలలో ఆ ముక్కను పాత బకెట్‌లో, అడుగున చిల్లులు పెట్టి, ఇసుకా పెంటమన్నూ కలిపిన మట్టిలో రెండంగుళాల లోతున పెట్టి, పొద్దటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంచండి. చేలో పండకపోయినా వాకిట్లో పండుతుంది. నాలుగైదు నెలలకు పక్క నుంచి ఒక లేత కొమ్ము తుంచుకుంటే మురబ్బాకు పనికొస్తుంది. ఆకులు పండి వాలిపోయేదాకా ఆగితే, సంక్రాంతి తర్వాత, యాటకూరకు ముదురు అల్లం. నీళ్లు పోసేది మాత్రం మన్ను పైపైన ఆరిందో లేదో వేలు పెట్టి చూశాకే.